43,20,000: మహాయుగం సంఖ్యను విరిచి చూస్తే

పూజకు కూర్చున్నప్పుడు సంకల్పంలో వచ్చే మాటలు చాలామందికి కంఠతా వచ్చు. ద్వితీయ పరార్ధే, శ్వేతవరాహ కల్పే, వైవస్వత మన్వంతరే, కలియుగే, ప్రథమ పాదే. ఉత్తరం మీద ఊరు, వీధి, ఇంటి నంబరు రాసినట్టు, ఇది కాలంలో మన చిరునామా. ఇందులో ప్రతి మాట వెనకా ఒక సంఖ్య ఉంది. ఆ సంఖ్యలన్నిటికీ మూలం ఒక్కటే: నాలుగు యుగాలు కలిసిన మహాయుగానికి 43,20,000 సంవత్సరాలు.

ఈ సంఖ్య గురించి రాసేవాళ్ళు ఎక్కువగా అది ఎంత పెద్దదో చెప్పి ఆగిపోతారు. నిజానికి నలభై మూడు లక్షలు పెద్ద సంఖ్యేమీ కాదు, ఒక మహానగరం జనాభా అంతకన్నా ఎక్కువే ఉంటుంది. దీని గొప్పదనం పరిమాణంలో లేదు, విరిగే తీరులో ఉంది. ఏ అంకెలతో భాగిస్తే శేషం లేకుండా పోతుంది, ఏ అంకె దగ్గర మొరాయిస్తుంది అన్నది చూస్తే, దీన్ని ఎంచుకున్నవాళ్ళు ఏం ఆలోచించారో కూడా కొంత అర్థమవుతుంది.

కాగితం తీసుకుని సగాలు చేసుకుంటూ పోదాం. 43,20,000లో సగం 21,60,000. అందులో సగం 10,80,000. తర్వాత 5,40,000, 2,70,000, 1,35,000, 67,500, 33,750, 16,875. ఎనిమిది సార్లు సగం చేశాక బేసి సంఖ్య వచ్చింది, ఇక రెండుతో పని లేదు. ఇప్పుడు మూడుతో భాగిస్తే 5,625. మళ్ళీ 1,875. మళ్ళీ 625. ఈ 625 అంటే అయిదును నాలుగు సార్లు గుణించినది. అంటే 43,20,000 = 2⁸ × 3³ × 5⁴. ఇంతే. రెండు, మూడు, అయిదు అనే మొదటి మూడు ప్రధాన సంఖ్యలు తప్ప ఇందులో ఇంకేమీ లేవు.

ప్రధాన కారణాంకాలు తెలిస్తే మిగతా గుణాలన్నీ వాటంతట అవే బయటపడతాయి. ముందుగా, దీన్ని నిశ్శేషంగా భాగించే సంఖ్యలు ఎన్ని? ఒక్కో భాజకాన్ని తయారు చేయడానికి రెండును సున్నా నుంచి ఎనిమిది సార్ల దాకా వాడొచ్చు, అది 9 రకాలు. మూడుకు 4 రకాలు, అయిదుకు 5 రకాలు. 9 × 4 × 5 = 180. అంటే 43,20,000ను 180 సంఖ్యలు సరిగ్గా భాగిస్తాయి. పంచాంగంతో పరిచయం ఉన్నవాళ్ళకు వాటిలో చాలా సంఖ్యలు పాత చుట్టాలే. 12 రాశులు, 27 నక్షత్రాలు, 30 తిథులు, 60 సంవత్సరాలు, 108 నక్షత్ర పాదాలు, వృత్తంలో 360 భాగలు (డిగ్రీలు). ఒక మహాయుగాన్ని వీటిలో దేనితో పంచినా ఒక్క ఏడాది కూడా మిగిలిపోదు.

పంచుకోవడానికి ఇంత వీలుగా ఉండే సంఖ్యలను గణితజ్ఞులు రకరకాల గుంపులుగా చేశారు. 6 తీసుకుంటే, ఆ 6ను వదిలి మిగిలిన భాజకాలు 1, 2, 3. వాటి మొత్తం మళ్ళీ 6. అలాంటివి పరిపూర్ణ సంఖ్యలు. మొత్తం అసలు సంఖ్యను మించిపోతే దాన్ని అబండెంట్ నంబర్ అంటారు. 43,20,000ను వదిలి మిగిలిన 179 భాజకాలనూ కూడితే 1,16,43,640 వస్తుంది. మించిపోవడం కాదు, రెండున్నర రెట్ల కంటే ఎక్కువ.

ఇంకో గుంపు ఇంకా అందమైనది. 1948లో ఎ.కె. శ్రీనివాసన్ అనే గణితజ్ఞుడు 'కరెంట్ సైన్స్' పత్రికలో ప్రాక్టికల్ నంబర్స్ అని ఒక రకాన్ని పరిచయం చేశారు. ఒక సంఖ్య కంటే చిన్నవైన సంఖ్యలన్నిటినీ, ఆ సంఖ్య భాజకాలను ఒక్కోటి ఒక్కసారే వాడి, కూడికతో రాయగలిగితే అది ప్రాక్టికల్ నంబర్. తూకం రాళ్ళు గుర్తు తెచ్చుకుంటే ఇది వెంటనే అర్థమవుతుంది. భాజకాలన్నీ తూకం రాళ్ళనుకోండి, ఒక్కోటి ఒక్కటే ఉంది. వాటితో 1 నుంచి 43,20,000 దాకా ప్రతి బరువునూ తూచవచ్చు. 7 కావాలంటే 4, 3 పెడితే సరి. 11కు 8, 3. 43,19,999 కావాలన్నా ఆ రాళ్ళ మధ్యే దొరుకుతుంది. ఏడు, పదకొండు భాజకాలు కాకపోయినా వాటిని కూర్చుకోవడానికి ఇబ్బంది లేదన్నమాట.

హర్షద్ సంఖ్య కూడా ఇదే. అంకెల మొత్తంతో భాగింపబడే సంఖ్యలకు ఆ పేరు పెట్టింది మహారాష్ట్రలోని దేవళాలీలో బడిపంతులుగా పనిచేసిన డి.ఆర్. కాప్రేకర్. 4+3+2 = 9, తొమ్మిదితో 43,20,000 పోతుంది. పదిని ఆధారంగా లెక్కపెడితేనే నిలిచే గుణం కాబట్టి దీని మీద ఎక్కువసేపు ఆగనక్కరలేదు.

ఆగాల్సిన చోటు అరవై. అయిదును మించిన ప్రధాన కారణాంకం లేని సంఖ్యలను రెగ్యులర్ నంబర్స్ అంటారు. ఈ సంఖ్యలకు, అరవైకి విడదీయరాని బంధం ఉంది, ఎందుకంటే 60 కూడా 2, 3, 5లతోనే తయారైంది. పది ఆధారంగా మనం ఒకట్లు, పదులు, వందలు అని రాస్తాం. అరవై ఆధారంగా రాస్తే ఒకట్లు, అరవైలు, 3,600లు, 2,16,000లు అని స్థానాలు వస్తాయి. ఇప్పుడు 43,20,000ను 2,16,000తో భాగించండి. సరిగ్గా 20. అంటే అరవై పద్ధతిలో ఈ సంఖ్య ఇరవై పక్కన మూడు సున్నాలు, అంతే. కలియుగం 4,32,000 సంవత్సరాలు కాబట్టి రెండు పక్కన మూడు సున్నాలు. మనం లక్ష, కోటి అన్నంత తేలికగా, అరవైల్లో లెక్కపెట్టేవాడికి ఇవి సున్నాలతో ముగిసే గుండ్రటి సంఖ్యలు. మరోలా చెప్పాలంటే అరవైని నాలుగు సార్లు గుణించి మూడుతో భాగిస్తే మహాయుగం వస్తుంది.

అరవైల్లో లెక్కపెట్టిన నాగరికత బాబిలోన్. అక్కడి పూజారి బెరోసస్ క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో గ్రీకు భాషలో తమ దేశ చరిత్ర రాస్తూ, జలప్రళయానికి ముందు పది మంది రాజులు 120 సారోస్‌లు పాలించారని చెప్పాడు. సారోస్ అంటే 3,600 సంవత్సరాలు. 120 × 3,600 = 4,32,000. కలియుగ ప్రమాణమే! ఎవరి నుంచి ఎవరు తీసుకున్నారన్న వాదన చరిత్రకారుల మధ్య ఉంది. గణితం వైపు నుంచి చెప్పగలిగింది ఒకటే. అరవైలతో, పన్నెండులతో కాలాన్ని కొలిచే ఎవరైనా పెద్ద సంఖ్య కావాలనుకుంటే ఈ చుట్టుపక్కలకే వస్తారు.

మన దగ్గరా కాలమానం అరవైల మీదే నడిచింది. రోజుకు 60 ఘడియలు, ఘడియకు 60 విఘడియలు, విఘడియకు 6 ప్రాణాలు. గుణిస్తే రోజుకు 21,600 ప్రాణాలు. అటు వృత్తానికి 360 భాగలు, భాగకు 60 కళలు, కాబట్టి వృత్తంలో కూడా 21,600 కళలు. ఒక ప్రాణకాలంలో భూమి ఒక కళ తిరుగుతుందని ఆర్యభటుడు ఒక్క ముక్కలో చెప్పగలిగింది ఇందువల్లే. మహాయుగం ఆ 21,600కు సరిగ్గా 200 రెట్లు.

నాలుగు యుగాలనూ విడివిడిగా చూస్తే ఇంకా కొన్ని విశేషాలు కనిపిస్తాయి. యుగాలు 4:3:2:1 నిష్పత్తిలో ఉంటాయి. కృతయుగం 17,28,000, త్రేతాయుగం 12,96,000, ద్వాపరం 8,64,000, కలి 4,32,000. ఇందులో 17,28,000 ఒక పూర్ణ ఘనం, 120ని మూడు సార్లు గుణిస్తే వచ్చేది. 12,96,000 వృత్తంలోని వికళల (కళలో అరవయ్యో వంతు) సంఖ్య: 360 × 60 × 60. ద్వాపరంలోని 8,64,000 చూడగానే రోజుకు 86,400 సెకన్లు గుర్తొస్తాయి. ఆ లెక్కన 43,20,000 సెకన్లంటే సరిగ్గా 50 రోజులు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సెకన్ల పోలిక విచిత్రం కాదు. 24, 60, 60 కూడా అవే మూడు ప్రధాన సంఖ్యల సంతానం, అందుకే కలిశాయి. కానీ 432 కనిపించిన ప్రతిచోటా రహస్యం ఉందని సోషల్ మీడియాలో తిరిగే పోస్టులు వేరు. సూర్యుడి వ్యాసార్ధం సుమారు 4,32,000 మైళ్ళు అన్నది నిజమే. కిలోమీటర్లలో రాస్తే అదే దాదాపు 6,95,700 అవుతుంది, పోలిక మాయమవుతుంది. మైలు అన్న కొలతను పెట్టింది మనుషులే. అలాగే వెయ్యి మహాయుగాల కల్పం 432 కోట్ల ఏళ్ళు, భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్ళు కాబట్టి రెండూ ఒకటే అనడం తొందరపాటు. సంకల్పంలో చెప్పే లెక్క ప్రకారమే ఈ కల్పంలో ఇప్పటికి గడిచింది దాదాపు 197 కోట్ల ఏళ్ళు. పోల్చాలంటే దాన్ని పోల్చాలి. ఈ సంఖ్యకు సొంత అందం కావాల్సినంత ఉంది, అరువు తెచ్చుకోనక్కరలేదు.

మరి భాజకాల విషయంలో ఇంత ధనవంతమైన ఈ సంఖ్య అన్నిటికంటే గొప్పదా? ఆ పరీక్ష పెట్టినవాడు శ్రీనివాస రామానుజన్. 1915లో లండన్ మ్యాథమెటికల్ సొసైటీ ప్రచురించిన తన పెద్ద వ్యాసంలో ఆయన హైలీ కాంపోజిట్ నంబర్స్ గురించి రాశారు. తనకంటే చిన్నవైన ఏ సంఖ్యకూ లేనన్ని భాజకాలు ఉండాలి, అదీ నియమం. ఈ పరీక్షలో 43,20,000 నెగ్గదు. ఎందుకో కారణాంకాలు చూస్తేనే తెలుస్తుంది. అలాంటి సంఖ్యల్లో చిన్న ప్రధాన సంఖ్య ఎక్కువ సార్లు, పెద్దది తక్కువ సార్లు రావాలి. ఇక్కడ మూడు మూడుసార్లే ఉంటే అయిదు నాలుగుసార్లు ఉంది. వాటిని తారుమారు చేస్తే 25,92,000 వస్తుంది. చాలా చిన్నదైపోయింది, భాజకాలు మాత్రం అవే 180. ఇంకా కిందికి దిగితే 2,77,200కు కూడా 180 భాజకాలున్నాయి. పదిహేనో వంతు కూడా లేని సంఖ్య అది. ఏడునూ పదకొండునూ లోపలికి రానిచ్చింది కాబట్టి అంత తక్కువలో అంత సాధించింది.

అసలు ఆశ్చర్యం పక్కింట్లో ఉంది. 43,20,000 అంటే 4,320 × 1,000. వెయ్యి స్థానంలో వెయ్యిన్నొకటి పెట్టి చూడండి. 4,320 × 1,001 = 43,24,320. వెయ్యి అంటే రెండులు, అయిదులు మాత్రమే. 1,001 అంటే 7 × 11 × 13. మూడు కొత్త ప్రధాన సంఖ్యలు ఒక్కసారిగా లోపలికి వచ్చాయి. ఫలితంగా 43,24,320కు 384 భాజకాలు, అది రామానుజన్ చెప్పిన జాతి సంఖ్యే. మహాయుగానికి కేవలం 4,320 దూరంలో ఉంది. ఇటు కల్పం సంఖ్య 432,00,00,000ను విరిస్తే 2¹¹ × 3³ × 5⁷. భాజకాలు 12 × 4 × 8, మళ్ళీ 384! నాలుగు వందల కోట్లు దాటిన సంఖ్యకు ఎన్ని భాజకాలున్నాయో, నలభై మూడు లక్షల పైచిలుకు సంఖ్యకూ అన్నే ఉన్నాయి. పెద్దదవడం వేరు, బాగా విరగడం వేరు అనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

ఏడు లేకపోవడం నిజంగా ఇబ్బంది పెట్టిన చోటు మన్వంతరాల, అంటే ఒక్కో మనువు కాలాల, లెక్క. కల్పానికి 1,000 మహాయుగాలు, మనువులు 14 మంది. వెయ్యిని పద్నాలుగుతో భాగిస్తే పోదు, పద్నాలుగులో ఏడు ఉంది, వెయ్యిలో లేదు. ఒక్కో మనువుకు 71 మహాయుగాలిస్తే 994 అయి ఆరు మిగిలాయి. ప్రాచీన ఖగోళ గ్రంథం సూర్య సిద్ధాంతం ఈ ఆరునూ పారేయలేదు. కృతయుగం మహాయుగంలో పదిలో నాలుగు వంతులు. కాబట్టి ఆరు మహాయుగాలంటే సరిగ్గా 15 కృతయుగాలు. 14 మన్వంతరాలకు మొదట ఒకటి, ప్రతిదాని చివరా ఒకటి చొప్పున ఎన్ని సంధులు (మధ్య కాలాలు) కావాలి? పదిహేను. ఒక్కో సంధికి ఒక కృతయుగ కాలం. శేషం మొత్తం ఎక్కడా చుక్క మిగలకుండా సర్దుకుంది. ప్రాచీన గణితంలో ఇంత ముచ్చటైన సర్దుబాటు అరుదు.

ఆర్యభటుడు మాత్రం వేరే దారి పట్టాడు. సంధులు వద్దు, ఒక్కో మనువుకు 72 మహాయుగాలు అన్నాడు. 14 × 72 = 1,008. అంటే కల్పంలోకి ఏడును ముందే తెచ్చుకున్నాడు. యుగాలకు 4:3:2:1 నిష్పత్తిని కూడా వదిలేసి, నాలుగింటినీ సమానంగా 10,80,000 చొప్పున పంచాడు. ఇది స్మృతులకు విరుద్ధమని 628లో బ్రహ్మగుప్తుడు తప్పుపట్టాడు. అయినా ఇద్దరూ 43,20,000 దగ్గర మాత్రం ఏకీభవించారు.

ఈ సంఖ్యను పనిముట్టుగా వాడిన తీరు ఆర్యభటుడి దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన అక్షరాలతో సంఖ్యలు రాసే పద్ధతిలో దీనికి పేరు 'ఖ్యుఘృ'. ఖ అంటే 2, య అంటే 30. వాటి కింద ఉకారం ఉంది, ఉకారం అంటే పదివేలు. కాబట్టి 20,000, 3,00,000. ఘ అంటే 4, ఋకారం అంటే పది లక్షలు, కాబట్టి 40,00,000. కలిపితే 43,20,000. ఏడంకెల సంఖ్య రెండక్షరాల్లో పట్టింది.

అంత పెద్ద సంఖ్య ఎందుకు అంటే, దశాంశ బిందువు లేని కాలంలో భిన్నాలను తప్పించుకోవడానికి. చంద్రుడు ఒక చుట్టుకు 27 రోజుల చిల్లర తీసుకుంటాడు. ఆ చిల్లరను ఎలా రాయాలి? రాయక్కరలేదు. ఒక మహాయుగంలో చంద్రుడు 5,77,53,336 చుట్లు తిరుగుతాడు, ఆ కాలంలో 157,79,17,500 రోజులుంటాయి అని రెండు పూర్ణ సంఖ్యలు చెబితే చాలు. భాగిస్తే 27.3217 రోజులు వస్తుంది, నేటి లెక్కకు వెంట్రుకవాసి తేడా. శని చుట్లు 1,46,564. మహాయుగాన్ని దాంతో భాగిస్తే ఒక చుట్టుకు 29న్నర ఏళ్ళకు కాస్త తక్కువ, అంటే ఒక్కో రాశిలో దాదాపు రెండున్నరేళ్ళు. ఏలినాటి శని ఏడున్నరేళ్ళు మూడు రాశుల లెక్క ఇదే. మనం బడిలో భిన్నాలు కూడేటప్పుడు క.సా.గు. కడతామే, 43,20,000 ఆకాశం మొత్తానికి అలాంటి ఉమ్మడి హారం.

ఆర్యభటుడు ఇచ్చిన గ్రహాల చుట్ల సంఖ్యలన్నీ నాలుగుతో పోతాయి. యుగాలను నాలుగు సమభాగాలు చేశాడు కాబట్టి, కలియుగం మొదలైన క్షణాన గ్రహాలన్నీ పూర్తి చుట్లు ముగించి మేషం మొదట్లో ఉండాలి. దానికోసం చేసిన ఏర్పాటు అది. రోజుల సంఖ్యను సంవత్సరాల సంఖ్యతో భాగిస్తే ఏడాదికి 365 రోజుల 6 గంటల 12 నిమిషాల 30 సెకన్లు. నేటి నక్షత్ర సంవత్సరం కంటే మూడు నిమిషాల పైన మాత్రమే ఎక్కువ. ఆ భిన్నాన్ని కుదిస్తే 365 పైన 149/576 మిగులుతుంది. అంటే ఆయన లెక్కలో ప్రతి 576 ఏళ్ళకూ రోజులు పూర్ణ సంఖ్యగా వచ్చేస్తాయి.

అధిక మాసం కూడా ఈ సంఖ్యలోంచే పుడుతుంది. మహాయుగంలో సౌర మాసాలు 43,20,000 × 12 = 5,18,40,000. చంద్రుడి చుట్లలోంచి సూర్యుడి చుట్లు తీసేస్తే చాంద్ర మాసాలు 5,34,33,336. తేడా 15,93,336. అవన్నీ అధిక మాసాలే. సుమారు 32న్నర సౌర మాసాలకు ఒకటి చొప్పున, 19 ఏళ్ళలో ఏడుసార్లు.

చివరగా అరవై సంవత్సరాల పేర్లు. అవి మొదట బృహస్పతి గమనాన్ని బట్టి వచ్చినవి, బృహస్పతి ఒక రాశి దాటితే ఒక సంవత్సరం. ఆర్యభటుడి ప్రకారం మహాయుగంలో గురుడి చుట్లు 3,64,224. పన్నెండుతో గుణిస్తే 43,70,688 బార్హస్పత్య సంవత్సరాలు. సౌర సంవత్సరాల కంటే 50,688 ఎక్కువ. అందుకే దాదాపు 85 ఏళ్ళకోసారి ఒక పేరును దాటేయాల్సి వస్తుంది. ఉత్తరాదిన అలా దాటేస్తూ వచ్చారు. దక్షిణాదిన ఆ దాటవేత మానేసి, పేర్లను ఏడాదికొకటిగా వరసలో నడిపించారు. ఒకే ఏడాదికి మన పంచాంగంలో ఒక పేరు, ఉత్తరాది పంచాంగంలో మరో పేరు ఉండటం ఇందుకే. ప్రభవ నుంచి అక్షయ దాకా సాగే మన చక్రం ఒక మహాయుగంలో సరిగ్గా 72,000 సార్లు తిరుగుతుంది.